కరివేపాకు పురుగుకి మందు కొట్టకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. బెంగళూరు బెళ్ళందూరులో అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు, తూర్పు బాల్కనీ. సీతాకోకచిలుకల కోసమని బంతి, పెటూనియా, లాంటానా కుండీల్లో పెట్టారు. అవి వస్తున్నాయి, రెండు నిమిషాలు వాలి వెళ్ళిపోతున్నాయి. ఇంకోపక్క మీ అత్తగారి కరివేపాకుకి పచ్చ పురుగు పట్టింది, ఏ మందు కొట్టాలని ఆవిడ అడుగుతున్నారు. కింద కాంపౌండ్ గోడ వెంట 30 అడుగుల జాగా ఖాళీగా ఉంది, అసోసియేషన్ ఒప్పుకుంటే మన నేలకి చెందిన మొక్కలు ఏవి పెట్టాలి అని కూడా అడిగారు.

మందు కొట్టకండి. అత్తగారు పోగొట్టాలనుకుంటున్నదీ, మీరు నిలవడం లేదని బాధపడుతున్నదీ ఒకటే ప్రాణి.

నేను విద్యారణ్యపురలో ఉంటాను, సొంత ఊరు మదనపల్లె. బెంగళూరు వచ్చి 23 ఏళ్ళు. అందులో 14 ఏళ్ళుగా డాబా మీద, మా లేఔట్ పార్కులో ఒక మూల ఈ మొక్కలు పెంచుతూ, ఏ ఆకు మీద ఏ గుడ్డు కనబడిందో తారీకు వేసి రాసుకుంటున్నాను. కింద చెప్పేది చాలావరకు ఆ నోట్‌బుక్కులోదే.

రేపు పొద్దున ఎండ బాగా వచ్చాక, పది పదకొండు మధ్య, ఆ కరివేపాకు కుండీ పక్కన ఓ పావుగంట కుర్చీ వేసుకుని కూర్చోండి. నల్ల రెక్కల నిండా లేత పసుపు మచ్చలున్న సీతాకోకచిలుక వస్తే గమనించండి, దాని పేరు లైమ్ బటర్‌ఫ్లై. పక్కనే విరగబూసిన బంతి వైపు కూడా చూడదు. కరివేపాకు చుట్టూ తిరుగుతుంది, ఒక్కో చిగురునీ ముందుకాళ్ళతో తట్టి చూస్తుంది. వాటికి కాళ్ళతో కూడా రుచి తెలుస్తుంది. తన పిల్లలు తినే ఆకే అని తేలాక రెక్కలాడిస్తూనే పొట్ట చివర వంచి, లేతాకు మీద ఒక్క గుడ్డు అంటించి ఎగిరిపోతుంది. ఆ గుడ్డు ఆవగింజంత ఉంటుంది, లేత పసుపు రంగులో గుండ్రంగా.

మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికొచ్చి ముందు తన గుడ్డు పెంకునే తింటుంది. ఆ తర్వాత వారం పది రోజులు అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటుంది: ముదురు గోధుమరంగు ఒళ్ళు, మధ్యలో తెల్లటి మరక, పైన తడి మెరుపు. రెట్టని ఏ పిట్టా ముట్టదు కదా, అదే దానికి రక్ష. చివరిసారి కుబుసం విడిచినప్పుడు ఒక్కసారిగా ఆకుపచ్చగా మారిపోతుంది. అప్పుడు వేలితో మెల్లగా తాకితే తల వెనకనుంచి పాము నాలుకలా రెండుగా చీలిన నారింజ రంగు కొమ్ము బయటికి తోస్తుంది, ఘాటైన వాసన వస్తుంది. చీమల్లాంటి శత్రువులని బెదిరించడానికి అది. మనకి ఏ హానీ లేదు.

అత్తగారికి కనబడుతున్న పచ్చ పురుగులు ఈ ఆఖరి దశలో ఉన్నవి. అంటే ఇంకో వారంలోపు వాటంతట అవే తినడం ఆపేస్తాయి. కొమ్మకో, పక్క గోడకో, గ్రిల్లుకో చేరి, నడుముకి పట్టుదారం కట్టుకుని ప్యూపాగా మారతాయి. వారం పది రోజులకి సీతాకోకచిలుక బయటికి వస్తుంది. రెక్కలు తడిసి ముడుచుకుని ఉంటాయి, ఆరేదాకా ముట్టుకోవద్దు. ఇల్లు దులిపేవాళ్ళకి కూడా ముందే చెప్పి పెట్టండి. మా ఇంట్లో రెండు ప్యూపాలు బూజుకర్ర కింద పోయాయి, ఇప్పటికీ గుర్తొస్తుంది.

వంటకి ఆకు ఎలా అంటారా, కరివేపాకు కుండీలు రెండు చేయండి. ఒకటి అత్తగారిది, ఒకటి వాటిది. అత్తగారి మొక్క మీద పురుగు కనబడితే చేత్తో లాగకండి, అది కూర్చున్న రెబ్బని తుంచి, రెండో మొక్క కొమ్మల మధ్య పెడితే అదే ఎక్కి పోతుంది. చిన్న కుండీ మొక్కని నాలుగైదు పురుగులు మోడు చేసేయగలవు. టెన్షన్ పడొద్దు. కరివేపాకు కత్తిరించే కొద్దీ గుబురుగా చిగురించే మొక్క. నెల తిరిగేసరికి కొత్త ఆకు వస్తుంది, ఆ చిగురుకే మళ్ళీ తల్లి వస్తుంది.

ఇక బంతి, పెటూనియా సంగతి. సీతాకోకచిలుక భోజనానికి ఏ పూల దగ్గరికైనా పోతుంది. పురిటికి మాత్రం పుట్టింటికే పోతుంది. ఒక్కో జాతికి పుట్టిల్లు ఒక మొక్కో, ఒకే కుటుంబంలోని నాలుగు మొక్కలో. ఇంగ్లీషులో హోస్ట్ ప్లాంట్ అనేది ఇదే. మొక్కలన్నీ తమని తినేవాళ్ళ నుంచి కాపాడుకోవడానికి ఆకుల్లో చేదో, విషమో, ఘాటో దాచుకుంటాయి. ఒక్కో సీతాకోకచిలుక జాతి ఏదో ఒక రకం విషాన్ని అరిగించుకోవడం వేల తరాలుగా నేర్చుకుంది. ఆ ఆకు లేకపోతే పక్క ఆకు తిని బతకలేదు, ఆకలితో చచ్చిపోతుంది. అందుకే దూరదేశపు మొక్క ఎంత బాగా పూసినా, దాని ఆకు మన పురుగులకి చాలాసార్లు అక్కరకి రాదు.

మన ఊరినే చూడండి. 1908 నుంచి 1932 దాకా లాల్‌బాగ్‌ని చూసుకున్న క్రుంబీగల్ గారు, ఒక చెట్టు పూత అయ్యేసరికి ఇంకో చెట్టు పూసేలా వీధులకి చెట్లని ఎంచారు. ఆ చలవ ఇప్పటికీ అనుభవిస్తున్నాం. ఆ రోడ్ల అందం నాకూ ప్రాణమే. కానీ ఈ రోజు మనం ఫోటోలు తీసుకునే గులాబీ టబేబుయా అమెరికా ఉష్ణమండలానిది, జకరండా దక్షిణ అమెరికాది, గుల్‌మొహర్ మడగాస్కర్‌ది. నగరం పూలతో నిండుగా ఉన్నా పురిటిళ్ళు తక్కువ. మీ లాంటానా కూడా అమెరికాదే. తేనె ఇస్తుంది, నిజమే. దాని గింజల్ని పిట్టలు మోసుకుపోతే బన్నేరుఘట్ట లాంటి అడవుల్లో కింద మొలకని రానివ్వకుండా కమ్మేస్తుంది. దాన్ని తీసేయమనే చెప్తాను.

బాల్కనీలో దాని స్థానంలో నేనైతే ముందు ఈశ్వరి తీగ పెడతాను. కన్నడంలో ఈశ్వరి బళ్ళి అంటారు. క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ అనే రెండు జాతులు ఈ కుటుంబపు మొక్కల మీదే పెరుగుతాయి. ఒళ్ళంతా ఎర్ర బుడిపెలతో ఉండే నల్లటి పురుగులు ఆ ఆకులోని విషాన్ని తిని, ఒంట్లో దాచుకుంటాయి. రెక్కలొచ్చాక కూడా ఆ విషం ఉంటుంది కాబట్టి ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ ముట్టదు. ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఉంది. మీ కరివేపాకు మీద గుడ్లు పెట్టే ఇంకో జాతి కామన్ మార్మన్. దానికి ఏ విషమూ లేదు. కానీ దాని ఆడవాటిలో కొన్ని అచ్చం ఈ రోజ్‌ల వేషం వేసుకుని ఉంటాయి, పిట్టలు భ్రమపడి వదిలేస్తాయి. ఆ వేషం పనిచేయాలంటే అసలైనవి చుట్టుపక్కల తిరుగుతూ ఉండాలి. అంటే మీ కరివేపాకు మీద పెరిగినదాన్ని కాపాడేది పక్క కుండీలోని ఈశ్వరి తీగ.

ఈ తీగ విషయంలో మూడు జాగ్రత్తలు. ఏడాది ముదిరి బాగా అల్లుకునేదాకా మొదటి ఆకుల్ని దోమతెర కప్పి కాపాడండి, లేకపోతే ఐదు పురుగులు తీగనే లేకుండా చేస్తాయి. దీని వేరూ ఆకూ నాటు వైద్యంలో వాడతారని ఎవరైనా చెప్తే వినకండి, ఇందులోని ఆమ్లం మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. చిన్నపిల్లలకి అందని ఎత్తులో కట్టండి. మూడోది, నర్సరీలో ఇదే కుటుంబానికి చెందిన, పెద్ద పెద్ద చిత్రమైన పూలు పూసే విదేశీ తీగని చూపిస్తారు. అది వద్దు. ఆస్ట్రేలియాలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే సీతాకోకచిలుక అలాంటి దక్షిణ అమెరికా తీగని తన తీగే అనుకుని గుడ్లు పెడితే, పిల్లలు ఆ ఆకు తిని చచ్చిపోయాయి. తల్లి వాసనకి మోసపోతుంది, పిల్ల కడుపు మోసపోదు.

రణపాల కూడా పెట్టండి. దీని పుట్టుక మడగాస్కర్, అయినా చెప్తున్నాను, ఎందుకంటే మన దగ్గర ఇదే కుటుంబపు అడవి మొక్కల మీద బతికే రెడ్ పియరో అనే సీతాకోకచిలుక దీన్ని కూడా తన ఆకుగానే తింటుంది. స్వదేశీ అనేది మంచి గుర్తే, కానీ చివరి తీర్పు పురుగుదే. రణపాల ఆకుని ఎండకెదురుగా పట్టుకుని చూడండి. పై పొరకీ కింది పొరకీ మధ్య గుజ్జు తింటూ లోపలే సొరంగం తవ్వుకుంటూ పోయే చిన్న పురుగు నీడ కనబడుతుంది, అది పోయిన దారంతా పల్చటి కాగితంలా ఉంటుంది. మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు ఆ ఆకు పట్టుకుని గంటసేపు కదలకుండా కూర్చుంది.

ఒక నందివర్ధనం. దాని మీద వేలెడంత ఆకుపచ్చ పురుగు, తల దగ్గర రెండు నీలి కళ్ళలాంటి మచ్చలతో కనబడితే భయపడొద్దు. అది ఓలియాండర్ హాక్ మాత్ పిల్ల. ఈ కుటుంబపు చిమ్మటలు రాత్రుళ్ళు గాల్లోనే నిలబడి తేనె తాగుతూ తెల్లని పూల మీద తిరుగుతాయి. బొప్పాయి పూలకి పరాగసంపర్కం చేసేవాటిలో ముఖ్యమైనవి కూడా ఈ చిమ్మటలే. పగటివాటికే ఫోటోలూ పేర్లూ దక్కుతాయి గానీ, రాత్రిపూట పనిచేసేవాటిని మరిచిపోకూడదు.

గంగవాయిల కూర కుండీల్లో దానంతట అదే మొలుస్తుంది, పీకేయకండి. సగం పప్పులోకి, సగం డానైడ్ ఎగ్‌ఫ్లై అనే సీతాకోకచిలుకకి. జాగా మిగిలితే డిసెంబరాలు. వాటి ఆకుల మీద పాన్సీ జాతి సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి, పూలకి తేనెటీగలూ వస్తాయి.

మొక్కలు ఎక్కడ కొనాలన్నది మామూలు విషయంలా కనబడుతుంది, నేను అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయింది అక్కడే. ఏడెనిమిదేళ్ళ క్రితం ఒక నర్సరీ నుంచి నిగనిగలాడే కరివేపాకు మొక్కలు నాలుగు తెచ్చాను. ఆకుకి ఒక్క చిల్లు లేదు. వారంలో గుడ్లు పడ్డాయి, పిల్లలు వచ్చాయి. రెండు రోజులు తిన్నాయి, మూడో రోజు నుంచి ఒక్కొక్కటే మెలికలు తిరిగి కుండీ మట్టిలో రాలిపోయాయి. పదకొండు లెక్కపెట్టాను. తర్వాత వెళ్ళి అడిగితే వేళ్ళ దగ్గర ఇమిడాక్లోప్రిడ్ పోశామని మామూలుగా చెప్పారు. అది పైన చల్లితే కడిగేస్తే పోయే మందు కాదు. వేరు తాగి ఆకులోకి, పూల తేనెలోకి, పుప్పొడిలోకి ఎక్కిస్తుంది. పురుగుల్ని రమ్మని పిలిచి విషం పెట్టినట్టయింది నా పని. అప్పట్నుంచి చిల్లులున్న మొక్కే కొంటాను, లేదా తెలిసినవాళ్ళ ఇంట్లో పిలకలు, గింజలు తెచ్చుకుంటాను. కరివేపాకు పండు నుంచి తీసిన గింజ ఆరకముందే నాటితే బాగా మొలుస్తుంది. వేపనూనె సహజం కదా అని చాలామంది చల్లుతారు. లేత పురుగుకి అదీ మృత్యువే. బీటీ పొడి, అంటే ఒక బ్యాక్టీరియాతో చేసే మందు, పురుగుల్ని చంపడానికే తయారైంది, దాన్నీ దగ్గరికి రానీయకండి.

ఇప్పుడు కింద 30 అడుగుల జాగా. అసోసియేషన్ మీటింగులో సీతాకోకచిలుకలు, స్వదేశీ మొక్కలు అంటే ఎవరో ఒకరు "పిచ్చిమొక్కలు పెంచుతారా, పాములొస్తాయి" అంటారు. మా దగ్గరా అన్నారు. నాకు పనిచేసిన మాట ఒకటి చెప్తాను: దాన్ని పత్రి తోట అనండి. వినాయక చవితికి మనం కె.ఆర్. మార్కెట్ నుంచి కట్టలు కట్టలు కొనుక్కొచ్చే 21 పత్రుల పేర్లు ఒకసారి తీసి చూడండి. మారేడు, లైమ్ బటర్‌ఫ్లై పుట్టిల్లు. జిల్లేడు, ప్లెయిన్ టైగర్‌ది. గన్నేరు, కామన్ క్రోది. దాని ఆకు కింద వేలాడే ప్యూపా వెండి లోలాకులా మెరుస్తుంది, అది చూసినవాళ్ళు ఆ మొక్కని కొట్టనివ్వరు. రేగు, కామన్ పియరోది. గరిక లాంటి గడ్డి మీద గోధుమరంగు చిన్న జాతులు కొన్ని పెరుగుతాయి. వాకుడు పువ్వులో పుప్పొడి సన్నటి రంధ్రంలో బిగుసుకుని ఉంటుంది, తేనెటీగ పట్టుకుని ఒంటిని గట్టిగా కంపింపజేస్తే తప్ప రాలదు. తులసి దగ్గరికి పొద్దస్తమానం చిన్న తేనెటీగలు. పెద్దవాళ్ళు పూజకి రాసిపెట్టిన పట్టిక సగానికి సగం మన పురిటిళ్ళ పట్టికే. ఇది చెప్పాక మా పార్కు మూలకి అభ్యంతరం రాలేదు. ఇప్పుడు చవితి ముందురోజు పిల్లలు బుట్టలు పట్టుకుని అక్కడికే వస్తారు, ఒక్కో మొక్క నుంచి నాలుగాకులు కోసుకుంటారు.

అన్నీ పెట్టనక్కర్లేదు. ఆ పొడవుకి గోడ వైపు ఒక మారేడు, ఒక దబ్బ లేదా నిమ్మ, మధ్యలో రెండు తంగేడులు, ఒక అడ్డసరం, చివర జిల్లేడు ఒకటి చాలు. ఒక మూల నిజంగా విశాలంగా ఉంటే రేల చెట్టు. రేల, తంగేడుల మీద ఎమిగ్రంట్ అనే సీతాకోకచిలుక జాతులు పెరుగుతాయి. తెలంగాణ వాళ్ళు మీ అపార్ట్‌మెంట్‌లో ఉంటే బతుకమ్మకి తంగేడు పూలు కింద నుంచే దొరుకుతాయని చెప్పండి, నీళ్ళు పోయడానికి మనుషులు వాళ్ళే ముందుకొస్తారు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, గన్నేరు అంతా విషం. పిల్లలు ఆడుకునే వైపు ఈ రెండూ వద్దు. వెంట్రుకలు నిండిన గొంగళిపురుగుల్ని ఎవరూ చేత్తో పట్టుకోకూడదని కూడా చెప్పండి, దురద పుడుతుంది.

వీలైతే గోడ అంచున గిలిగిచ్చ (ఇంగ్లీషులో క్రోటలేరియా) గింజలు చల్లండి. ఏప్రిల్, మే నెలల్లో తొలి వానలకి మన ఊరి మీదుగా బ్లూ టైగర్ అనే సీతాకోకచిలుకలు గుంపులుగా పోతుంటాయి. గిలిగిచ్చ కనబడితే మగవి దిగి, ఎండిన ఆకుల్నీ కాయల్నీ గీరి రసం పీలుస్తాయి. ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకోవడానికి ఆ రసం కావాలి. ఆ జాతి శాస్త్రీయ నామం ఏమిటో తెలుసా? తిరుమల లిమ్నియేస్. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఇంతవరకు సీతాకోకచిలుకల గురించే చెప్పాను గానీ, పరాగసంపర్కంలో పెద్ద వాటా తేనెటీగలది. వాటికి పుప్పొడితో పాటు గూడు కట్టుకునే జాగా కావాలి. ఆ 30 అడుగుల్లో ఎండ పడే మూడడుగులు టైల్స్ వేయకుండా, ఆకులు పరచకుండా ఉత్త మట్టిగా వదిలేయండి. నీలి చారల బ్లూ బ్యాండెడ్ తేనెటీగ మట్టిలోనే గూడు తవ్వుకుంటుంది. టమాటా, వంకాయ పూలని అలా కంపింపజేసి పుప్పొడి రాల్చేవాటిలో ఇదొకటి. టమాటా తోటల ఊరివాణ్ణి, దాని విలువ నాకు తెలుసు. సాయంత్రం పూట దీని మగవి సన్నటి ఎండు పుల్లని నోటితో కరచి పట్టుకుని, వరసగా వేలాడుతూ నిద్రపోతాయి. ఆ పుల్లల్ని తోటమాలి విరిచేయకుండా చూడండి. ఎండిన మొద్దు ఒకటి మూలన పడేసి ఉంచితే తుమ్మెదలు తొలుచుకుంటాయి.

ఒక మాట కష్టంగా ఉన్నా చెప్పాలి. మా బంధువుల అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు సజ్జాకి కొండతేనెటీగల పట్టు పడితే, రాత్రికి రాత్రి మందు కొట్టించారు. పొద్దున పార్కింగ్ నిండా రాలిన తేనెటీగలు. కొన్ని ఇంకా రెక్కలు ఆడిస్తున్నాయి. చీపురుతో ఎత్తితే రెండు బకెట్లు అయ్యాయి. కొండతేనెటీగలు వలస తిరిగేవి. కదిలించకుండా ఉంటే సీజన్ అయిపోగానే పట్టు వదిలి వాటంతట అవే పోతాయి. అప్పటిదాకా ఆ వైపు బాల్కనీ లైటు రాత్రుళ్ళు ఆపేయండి, వెలుతురుకి అవి ఇళ్ళలోకి వస్తాయి. పిల్లల్ని రాళ్ళు వేయనివ్వకండి. దారిలోనో కిటికీ పక్కనో పడి తప్పనిసరిగా తీయించాల్సి వస్తే, చంపకుండా తరలించేవాళ్ళనే పిలవండి. మీ అసోసియేషన్ దోమల ఫాగింగ్ చేయిస్తుంటే ఈ గోడ వైపు వదిలేయమని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి, మొక్కలు పెట్టాక అడిగితే ఆలస్యమవుతుంది.

నర్సరీలో కన్నడం పేర్లతో అడిగితే పని తొందరగా అవుతుంది: జిల్లేడు ఎక్క, రేల కక్కె, తంగేడు ఆవరికె, మారేడు బిల్వపత్రె, నందివర్ధనం నందిబట్టలు. వీటిని పెరిగిన మొక్కలుగా చూడాలనిపిస్తే ఒక ఆదివారం బన్నేరుఘట్ట సీతాకోకచిలుకల పార్కుకి వెళ్ళండి, 2006 నుంచి ఉంది. అత్తగారిని కూడా తీసుకెళ్ళండి. ఆవిడ తనకి తెలిసిన ఆకులన్నీ అక్కడ గుర్తుపడతారు.

జూన్ వానలు మొదలవగానే నాటితే సెప్టెంబరు, అక్టోబరుకి వేళ్ళూనుకుంటాయి. మన దగ్గర సీతాకోకచిలుకలు బాగా కనబడే రోజులు కూడా అప్పుడే. ముందుగా ఈ వారం ఆ రెండో కరివేపాకు కుండీ పెట్టండి. పురుగు ఏదో తేల్చుకోలేకపోతే అది కూర్చున్న ఆకుతో సహా పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీసి పెట్టండి, చూసి పేరు చెప్తాను.